లెటర్‌హెడ్‌కి ఎంత జీఎస్ఎం, బిల్లు పుస్తకానికి ఎంత? ఆఫీసు ప్రింటింగ్ కాగితంపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు చుట్టుపక్కల లాడ్జీలు, ట్రావెల్స్, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, క్లినిక్కులు, ఆడిటర్ ఆఫీసులు ప్రింటింగ్ ఇచ్చేటప్పుడు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. "కాస్త మందంగా ఉండే పేపర్ వేసేయండి" అని చెప్పి వెళ్లిపోవడంతోనే సగం ఇబ్బందులు మొదలవుతాయి. ఆ కాగితాన్ని మడుస్తారా, దానిమీద రబ్బరు స్టాంపు వేస్తారా, లేజర్ ప్రింటర్‌లో పెడతారా, ఏళ్ల తరబడి ఫైల్లో దాస్తారా అన్నది ముందు తేల్చుకుంటే ఎంత బరువు కావాలో సులభంగా తెలుస్తుంది. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## కొనేముందు

జీఎస్ఎం అంటే ఏంటి? ఎక్కువుంటే మంచి పేపరేనా?

ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె అది. ఏ0 షీటు వైశాల్యం ఒక చదరపు మీటరు. దాన్ని నాలుగుసార్లు సగానికి మడిస్తే వచ్చే పదహారో వంతే ఏ4. అందుకే 80 జీఎస్ఎం ఏ4 షీటు ఒక్కోటి 5 గ్రాములు తూగుతుంది.

ఈ అంకె బరువు మాత్రమే చెబుతుంది. మందం, తెలుపు, నునుపు, గట్టిదనం దీంట్లో ఉండవు. మెరుపు పూత ఉన్న 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్, మామూలు 80 జీఎస్ఎం జిరాక్స్ పేపర్ చేతిలోకి తీసుకుని చూడండి. రెండూ దాదాపు ఒకే మందం, మిల్లీమీటరులో పదో వంతు. ఆర్ట్ పేపర్ పూతలో ఖనిజపు పొడి ఉంటుంది, పైగా దాన్ని రోలర్ల మధ్య నొక్కేస్తారు. అందుకే బరువు పెరుగుతుంది గానీ మందం పెరగదు.

రీమ్ మీద 75 జీఎస్ఎం అని ఉంది. నిజంగా అంతే ఉందని ఎలా తెలుసుకోవాలి?

తూకం వేయండి. 500 షీట్ల ఏ4 రీమ్ ఇలా తూగాలి: 70 జీఎస్ఎం అయితే 2.18 కిలోలు, 75 అయితే 2.34, 80 అయితే 2.5, 100 అయితే 3.12. పైన చుట్టిన రేపర్ బరువు కొద్దిగా కలుస్తుంది. గాలిలో తేమను బట్టి కూడా కొంచెం అటూ ఇటూ అవుతుంది. 75 అని రాసిన రీమ్ 2.1 కిలోలే తూగితే మాత్రం రెండే కారణాలుంటాయి. ఒకటి, కాగితం 67 జీఎస్ఎం దగ్గర ఉంది. రెండు, షీట్లు 500 లేవు. 450 షీట్ల ప్యాకెట్లు కూడా బజారులో ఉంటాయి. అవి మోసం కాదు, రేపర్ మీద రాసే ఉంటుంది, మనమే చూడం. ధర పోల్చేటప్పుడు షీట్ల లెక్కతో భాగించి చూసుకోండి.

70, 75, 80 మధ్య నిజంగా తేడా ఉంటుందా?

ఒక్క వైపే ప్రింట్ తీసి వారంలో పారేసే కాగితాలైతే పెద్దగా ఉండదు, 70 చాలు. రెండు వైపులా ప్రింట్ తీస్తే మాత్రం 70లో వెనక అక్షరాలు ముందుకి లీలగా కనబడతాయి. ముఖ్యంగా గళ్ల పట్టికలు, నల్లటి హెడింగులు ఉన్న పేజీల్లో చదవడానికి చిరాకు. 75 మధ్యస్తం, మన దగ్గర ఎక్కువ ఆఫీసులు వాడేది అదే. బయటివాళ్ల చేతికి వెళ్లే రెండు వైపుల ప్రింటుకి 80 తీసుకోండి.

మ్యాప్‌లితో, బాండ్, ఆర్ట్ పేపర్, ఐవరీ, డూప్లెక్స్... ఈ పేర్లన్నీ ఏంటి?

మ్యాప్‌లితో అంటే పూత లేని మామూలు ప్రింటింగ్ కాగితం. బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, పుస్తకం లోపలి పేజీలు దీంతోనే. బాండ్ పేపర్ కాస్త గట్టిగా, ముట్టుకుంటే పెళుసుగా శబ్దం చేస్తూ ఉంటుంది, లెటర్‌హెడ్లకి వాడతారు. ఆర్ట్ పేపర్‌కి రెండు వైపులా పూత ఉంటుంది, రంగుల ఫొటోలు బాగా వస్తాయి, సిరా పెన్నుతో రాస్తే మాత్రం అలుక్కుపోతుంది. అదే రకం మందపు బరువుల్లో వస్తే ఆర్ట్ కార్డ్ అంటారు. ఐవరీ బోర్డు పూత లేకుండా నున్నగా, గట్టిగా ఉంటుంది, పెన్నుతో రాయొచ్చు. డూప్లెక్స్ బోర్డు అంటే ఒకవైపు తెలుపు, వెనక బూడిద రంగు ఉన్న పెట్టెల అట్ట.

ఆర్డరులో పేపరు రకం, జీఎస్ఎం రెండూ రాయాలి. "100 జీఎస్ఎం" అని మాత్రమే రాస్తే బాండ్ బదులు ఆర్ట్ పేపర్ రావచ్చు. దానిమీద మీ సంతకం ఆరకుండా అలుక్కుపోతుంది.

మా కంపెనీ హెడ్డాఫీసు అమెరికాలో ఉంది. వాళ్లు '24 పౌండ్ల పేపర్' అంటున్నారు. ఇక్కడ ఏం అడగాలి?

బాండ్ పేపర్ 20 పౌండ్లంటే 75 జీఎస్ఎం, 24 పౌండ్లంటే 90, 28 పౌండ్లంటే 105. ఒక మెలిక ఉంది. వాళ్ల పౌండ్ల లెక్క పేపరు రకాన్ని బట్టి మారుతుంది. 80 పౌండ్ల టెక్స్ట్ పేపర్ 118 జీఎస్ఎం దగ్గరుంటే, 80 పౌండ్ల కవర్ పేపర్ 216 జీఎస్ఎం. ఉత్త పౌండ్ల అంకె పంపితే రకం ఏదో తిరిగి అడగండి. సైజు కూడా చూసుకోండి. వాళ్ల లెటర్ సైజు 8.5 × 11 అంగుళాలు, మన ఏ4 కన్నా వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ. ఆ ఫైలు మార్చకుండా ఏ4 మీద ప్రింట్ కొడితే మార్జిన్లు తేడా వస్తాయి.

## ఏ పత్రానికి ఎంత బరువు

లెటర్‌హెడ్‌కి ఎంత వేయించాలి?

100 జీఎస్ఎం బాండ్. చాలా ఆఫీసులకి ఇదే సరైనది. సిరా పెన్నుతో సంతకం చేసినా వెనక్కి దిగదు, రబ్బరు స్టాంపు అంచులు పాకవు, మూడు మడతలు పెట్టి కవర్లో వేస్తే మడత గీత నీటుగా పడుతుంది, ఏ లేజర్ ప్రింటర్ ట్రేలోంచైనా సాఫీగా వెళ్తుంది.

80తో వేయిస్తే తప్పేం లేదు, కానీ సంతకం కింద స్టాంపు ప్యాడ్ సిరా ఎక్కువైతే వెనక నీలం మరక కనబడుతుంది. 120 దాటితే మూడు పేజీల ఉత్తరం మడతపెట్టినప్పుడు కవరు ఉబ్బుతుంది, చిన్న ప్రింటర్లలో ట్రే నుంచి లాగేటప్పుడు ఇరుక్కుంటుంది. ఉత్తరం రెండో పేజీకి వచ్చేవాళ్లు అదే రీమ్ నుంచి కొన్ని తెల్ల షీట్లు కూడా కట్ చేయించి ఉంచుకోండి. మొదటి పేజీ 100 బాండ్, రెండో పేజీ 70 జిరాక్స్ పేపర్ అయితే పట్టుకోగానే తెలిసిపోతుంది.

బ్యాంకు లోనుకి ప్రాజెక్ట్ రిపోర్టు, టెండరు కాగితాలు ఏ పేపర్ మీద తీయాలి?

లోపలి పేజీలు 80 జీఎస్ఎం, పై అట్ట 250 నుంచి 300. నలభై పేజీలు దాటే రిపోర్టుని 100 మీద తీస్తే గొప్పగా ఉంటుందనుకుంటారు. కానీ బ్యాంకులో దాన్ని విప్పి స్కాన్ చేస్తారు, జిరాక్స్ తీస్తారు, పంచ్ వేసి ఫైల్లో పెడతారు. బరువెక్కువైతే ఆ పనులన్నీ కష్టం. 100 షీట్ల 80 జీఎస్ఎం కట్ట మందం దాదాపు ఒక సెంటీమీటరు. స్పైరల్ రింగు ఎంచుకునేటప్పుడు ఈ లెక్క మీద కొంచెం ఖాళీ ఉంచాలి, లేకపోతే పేజీలు తిప్పేటప్పుడు రంధ్రాలు చిరుగుతాయి. నకళ్లు ఎన్ని ఇచ్చినా అన్నీ ఒకే కాగితం మీద ఇవ్వండి.

జీఎస్టీ ఇన్వాయిస్‌లకి ప్రత్యేకమైన పేపర్ కావాలా?

బరువు గురించి చట్టంలో ఏమీ లేదు. కాపీల గురించే ఉంది. 2017 సీజీఎస్టీ రూల్స్‌లో 48వ రూల్ ప్రకారం సరుకు అమ్మితే మూడు కాపీలు: ఒరిజినల్ కొన్నవారికి, డూప్లికేట్ లారీతో వెళ్లడానికి, ట్రిప్లికేట్ మన దగ్గర. సేవలకి రెండు చాలు. ఈ-ఇన్వాయిస్ పరిధిలోకి వచ్చే వ్యాపారాలకి ఈ మూడు కాపీల నియమం వర్తించదు.

లేజర్‌లో ప్రింట్ తీసేవాళ్లకి 75 సరిపోతుంది. లారీతో వెళ్లే కాపీని మాత్రం 80 మీద తీయమంటాం. డ్రైవరు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుంటాడు, చెమట తగులుతుంది, చెక్‌పోస్టులో విప్పుతాడు, మళ్లీ మడుస్తాడు. మామిడి సీజన్లో బంగారుపాళెం నుంచి బయల్దేరిన కాగితం రెండు రోజుల తర్వాత తీస్తే 70 జీఎస్ఎం అయితే మడత కూడలి దగ్గర చిల్లు పడి ఉంటుంది. ఈ-ఇన్వాయిస్ క్యూఆర్ కోడ్ సరిగ్గా ఆ మడత మీద పడకుండా చూసుకోండి. పేజీ మధ్యలో కాకుండా పై మూలకి జరిపితే చాలు.

బిల్లు పుస్తకంలో మూడో కాపీ మీద అక్షరాలు పడట్లేదు. ఎందుకు?

పై కాగితం బరువైనా అయ్యుండాలి, రాసేవాళ్లు పెన్ను నొక్కకుండానైనా రాస్తూ ఉండాలి. పెన్ను ఒత్తిడి ఒక్కో కాగితం దాటేకొద్దీ తగ్గిపోతుంది. "కస్టమరుకి ఇచ్చేది కదా, మొదటి కాపీ మందంగా వేయండి" అని 80 వేయిస్తే అక్కడే ఒత్తిడి ఆగిపోతుంది.

నీలం కార్బన్ పెట్టి రాసే పుస్తకానికి పై కాపీ 60, కింద కాపీలు 50 దగ్గర ఉంచండి. కార్బన్ లేకుండా అచ్చుపడే ఎన్‌సీఆర్ పేపర్ అయితే షీట్లు 50 నుంచి 60 మధ్యే వస్తాయి. దీంట్లో మూడు రకాలున్నాయి. పై షీటుకి అడుగున మాత్రమే పూత, మధ్య షీటుకి రెండు వైపులా, చివరి షీటుకి పైన మాత్రమే. కట్ట పేర్చేటప్పుడు ఈ వరస తప్పినా, ఒక షీటు తిరగబడినా కింద ఏమీ పడదు. కాబట్టి పుస్తకం చేతికి రాగానే మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కో సెట్టు మీద గీత గీసి చూడండి. అట్టతో ఒక దిమ్మె కూడా పెట్టించండి, రాసే సెట్టు కింద అది దూర్చకపోతే తర్వాతి బిల్లు మీద కూడా అచ్చులు పడతాయి. బాల్ పెన్నే వాడాలి. జెల్ పెన్నుతో ఒత్తిడి సరిపోదు.

లాడ్జి రిజిస్టర్, స్టాకు పుస్తకం లాంటివాటికి?

లెడ్జర్ పేపర్, 80 నుంచి 90. రోజూ పదిమంది చేతులు పడతాయి, రెండు వైపులా పెన్నుతో రాస్తారు, తప్పులు గీకి దిద్దుతారు. కుట్టు బైండింగ్ అడగండి. జిగురు మాత్రమే వేసిన పుస్తకం ఎండాకాలం గడిచేసరికి వీపు దగ్గర విడిపోతుంది.

విజిటింగ్ కార్డుకి 300 చాలా, 350 కావాలా? '600 జీఎస్ఎం' అంటున్నారు, అదేంటి?

300 జీఎస్ఎం ఆర్ట్ కార్డుకి రెండు వైపులా మ్యాట్ లామినేషన్ వేస్తే మామూలు అవసరాలకి బాగుంటుంది. 350 అయితే ఇంకొంచెం గట్టిగా ఉంటుంది. 600 అని చెప్పేది సాధారణంగా రెండు 300 కార్డులు కలిపి అతికించినది. అది పర్సులో నాలుగు పెట్టుకుంటేనే ఉబ్బుతుంది.

బరువు కన్నా లామినేషన్ గురించి ఎక్కువ ఆలోచించాలి. ఒకవైపే వేయిస్తే వానాకాలంలో కార్డు విల్లులా వంగుతుంది. లామినేషన్ లేని వైపు తేమ పీల్చి సాగుతుంది, రెండో వైపు సాగదు. క్లినిక్కులు, టైలర్లు కార్డు వెనక తారీఖు రాసి ఇస్తారు. లామినేషన్ మీద పెన్ను పడదు. అలాంటివాళ్లకి లామినేషన్ లేకుండా 300 ఐవరీ బోర్డే నయం.

హోటల్ బ్రోచరు, ట్రావెల్స్ ప్యాకేజీ కాగితం, క్యాటలాగు?

మూడు మడతల బ్రోచరుకి 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్ బాగా కుదురుతుంది. 170 వేస్తే చేతికి నిండుగా ఉంటుంది, అయితే మడతకి ముందు క్రీజింగ్, అంటే మడత పడేచోట ముందే గీతలా నొక్కడం, తప్పనిసరి. క్యాటలాగుకి లోపల 130, అట్ట 250 లేదా 300. మధ్యలో పిన్ను కొట్టే క్యాటలాగులో పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. పద్నాలుగు పేజీల మేటరు తెస్తే రెండు పేజీలు ఖాళీగా మిగులుతాయి, అవి ముందే నింపుకోండి. మెనూ కార్డు 300కి తగ్గకూడదు, రెండు వైపులా లామినేషన్ ఉండాలి. సాంబారు మరక తుడిస్తే పోవాలి కదా.

న్యూస్ పేపర్లో పెట్టి పంచే కరపత్రాలకి?

ఒక రంగు అయితే 60 నుంచి 70 మ్యాప్‌లితో. మల్టీకలర్ అయితే 90 జీఎస్ఎం ఆర్ట్ పేపర్. ఇంతకన్నా బరువైతే పేపర్ మడతలోంచి జారిపోతుంది.

కవర్లు ఎంత బరువుండాలి? పోస్టు ఖర్చు పెరుగుతుందా?

పొడుగు ఆఫీసు కవరుకి 90 నుంచి 100. లోపలి ఉత్తరం కనబడకూడదంటే లోపలివైపు రంగు అచ్చు వేసిన కవర్లు అడగండి. ఏ4 మడవకుండా పెట్టే కవరుకి 120, బరువైన దస్తావేజులకి లోపల గుడ్డ అతికించిన కవరు.

స్పీడ్ పోస్టులో మొదటి స్లాబు 50 గ్రాములు. పొడుగు కవరు 5 గ్రాములు అనుకుంటే 80 జీఎస్ఎం షీట్లు ఎనిమిది వరకు నిశ్చింతగా పడతాయి: 40 గ్రాములు, కవరుతో 45. తొమ్మిదోది పెడితే సరిగ్గా 50 అవుతుంది, అది కత్తి మీద సాము. 100 జీఎస్ఎం షీటు 6.24 గ్రాములు కాబట్టి ఏడుకి మించకూడదు. వందల ఉత్తరాలు పంపేవాళ్లకి కాగితం బరువు వల్ల వచ్చే అసలు ఖర్చు ఇక్కడే పడుతుంది.

ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు, ప్రశంసాపత్రాలు?

సర్వీసు, జీతం సర్టిఫికెట్లు లెటర్‌హెడ్ మీదే ఇవ్వండి, 100 చాలు. వాటిని జనం పదిసార్లు జిరాక్స్, స్కాన్ చేయించుకుంటారు. మందపు కార్డు స్కానర్ ఫీడర్‌లో పోదు. ఫ్రేము కట్టించుకునే ప్రశంసాపత్రాలకి 220 నుంచి 250 ఐవరీ లేదా టెక్స్చర్ బోర్డు తీసుకుని డిజిటల్ ప్రెస్‌లో ప్రింట్ వేయించాలి.

స్టాంపు పేపర్ మీద మన ప్రింటర్‌లోనే ఒప్పందం ప్రింట్ తీయొచ్చా?

తీయొచ్చు, జాగ్రత్తగా. ముందు స్టాంపు పేపర్‌ని జిరాక్స్ తీసి, అదే సైజు మామూలు కాగితం మీద మేటరు ప్రింట్ కొట్టి, రెండింటినీ వెలుతురుకి పట్టి చూడండి. ముద్ర కింద అక్షరం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. ప్రింటర్ సెట్టింగులో కాగితం పొడవు మార్చడం మరిచిపోతే చివరి నాలుగు వాక్యాలు తెగిపోతాయి. మడత ఉంటే పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచి చదును చేసి, ఒక్కొక్కటిగా మాన్యువల్ ఫీడ్‌లో పెట్టండి. ఇరుక్కుని చిరిగితే పోయేది కాగితం కాదు, స్టాంపు విలువ. తర్వాతి పేజీలకి 80 నుంచి 100 బాండ్ వాడండి.

## ఆఫీసు ప్రింటర్‌లో

మా లేజర్ ప్రింటర్ ఎంత మందం వరకు తీసుకుంటుంది?

మాన్యువల్లో మీడియా వెయిట్ అని అంకెలుంటాయి. చిన్న ఆఫీసు లేజర్ ప్రింటర్లు చాలావరకు 60 నుంచి 163 జీఎస్ఎం వరకు తీసుకుంటాయి. ఆ పై అంకె ఒక్కొక్క షీటు పెట్టే మాన్యువల్ ఫీడ్‌కి అనుకోవాలి. కింది ట్రే హద్దు తరచూ అంతకంటే తక్కువ ఉంటుంది, ఎందుకంటే ట్రే నుంచి వెళ్లే కాగితం గుండ్రంగా తిరిగి రావాలి. రెండు వైపుల ఆటోమేటిక్ ప్రింటుకి హద్దు ఇంకా తక్కువ. 200 దాటిన కార్డు ఇంట్లో ప్రయత్నించకండి, 300 వరకు తీసుకునే డిజిటల్ ప్రెస్ ఉన్నచోటికి వెళ్లండి.

మందం పేపర్ మీద ప్రింట్ తీస్తే అక్షరాలు గోటితో గీకితే రాలిపోతున్నాయి.

టోనర్ పొడిని కాగితం మీద కరిగించి అతికించేది ప్రింటర్ లోపలి వేడి రోలర్. మందమైన కాగితం ఆ వేడిని తనే మింగేస్తుంది, పొడి సరిగ్గా కరగదు. ప్రింట్ విండోలో పేపర్ టైపు 'ప్లెయిన్' అని ఉంటే దాన్ని 'హెవీ' లేదా 'కార్డ్‌స్టాక్'కి మార్చండి. అప్పుడు ప్రింటర్ నెమ్మదిగా నడుస్తూ ఎక్కువ వేడి ఇస్తుంది.

మార్చాక ఇలా చూడండి. ముదురు అక్షరాలున్న చోట కాగితాన్ని మడిచి, మడత మీద వేలితో గట్టిగా రుద్ది, విప్పి గుడ్డతో తుడవండి. సన్నని తెల్ల గీత ఒకటి పడితే ఫర్వాలేదు. మడత చుట్టూ పొడి రేకుల్లా ఊడితే ఆ కాగితం ఆ ప్రింటర్‌కి ఎక్కువ బరువన్నమాట, ఒక మెట్టు తగ్గించండి.

ఒకవైపు బాగానే వస్తుంది, రెండోవైపు తీసేటప్పుడే ఇరుక్కుంటోంది.

మొదటిసారి వెళ్లినప్పుడు వేడికి కాగితంలో తేమ ఎగిరిపోయి అంచులు పైకి లేస్తాయి. అదే కట్టని వెంటనే వెనక్కి తిప్పి పెడితే రోలర్ ఆ అంచులని మడిచేస్తుంది. కట్టని కాసేపు చల్లారనిచ్చి, వంపు ఉన్న దిక్కుకి ఎదురుగా ఒకసారి వంచి, విసనకర్రలా విప్పి గాలి తగిలించి, అంచులు సరిచేసి పెట్టండి. రీమ్ రేపర్ మీద బాణం గుర్తు ఉంటే ముందు అటువైపే ప్రింట్ తీయండి. 70 కాగితంతో ఈ సమస్య ఎక్కువ, 80కి మారితే చాలాచోట్ల తగ్గుతుంది.

ఇంక్‌ట్యాంక్ ప్రింటర్లో ఆర్ట్ పేపర్ పెట్టొచ్చా? లేజర్లో ఫొటో పేపర్?

రెండూ వద్దు. ఆర్ట్ పేపర్ పూత నీటి సిరాని పీల్చదు, గంట తర్వాత తాకినా చేతికి అంటుతుంది. ఇంక్‌జెట్ ఫొటో పేపర్ని లేజర్లో పెడితే పూత కరిగి వేడి రోలర్‌కి అతుక్కుంటుంది, ఆ భాగమే మార్చాల్సి వస్తుంది.

అచ్చు వేయించిన లెటర్‌హెడ్ లేజర్లో పెడితే లోగో రంగు పేజీ కింద మళ్లీ పడుతోంది.

అచ్చు సిరా పూర్తిగా ఆరలేదు, లేదా వేడిని తట్టుకునే రకం కాదు. వేడి రోలర్ దాన్ని లాక్కుని ఒక చుట్టు తిరిగాక కింద వదులుతోంది. వెంటనే ఆపేసి, పది తెల్ల షీట్లు పంపి రోలర్ శుభ్రం చేసుకోండి. ఆర్డరు ఇచ్చేటప్పుడే "లేజర్లో వాడతాం" అని రాసి ఇవ్వాలి. ముట్టుకుంటే ఉబ్బెత్తుగా తగిలే అచ్చు, బంగారు రేకు ఉన్న లెటర్‌హెడ్లు లేజర్‌కి పనికిరావు. అవి కావాలంటే మేటరు ఇంక్‌జెట్లో తీసుకోవాలి.

## ప్రెస్‌కి ఇచ్చేటప్పుడు

ఆర్డరులో ఏమేం రాయాలి?

పేపరు రకం, జీఎస్ఎం, కట్ చేశాక సైజు, ఒకవైపా రెండువైపులా, ఎన్ని రంగులు, లామినేషన్, మడత, నంబరింగ్ ఎక్కడి నుంచి మొదలు, ఎన్ని. వీలైతే మీకు నచ్చిన పాత కాగితం ముక్క ఒకటి జత చేయండి, వంద మాటల కన్నా అది మేలు. మన ఊళ్లో ఇచ్చిన మల్టీకలర్ పనులు కొన్ని శివకాశికో చెన్నైకో వెళ్లి అచ్చయి వస్తాయి. అలాంటప్పుడు మధ్యలో చెప్పిన నోటిమాట అక్కడిదాకా చేరదు, రాసింది మాత్రమే చేరుతుంది.

కిలో లెక్కన చెబుతున్నారు. ఎన్ని కిలోల పేపర్ పడుతుందో మేమే లెక్కేసుకోవచ్చా?

సులభమే. షీటు పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో గుణించి, దాన్ని జీఎస్ఎంతో, షీట్ల సంఖ్యతో గుణించి కోటితో భాగించండి. ఉదాహరణకి 23 × 36 అంగుళాల షీటు 58.4 × 91.4 సెంటీమీటర్లు. 80 జీఎస్ఎం, 500 షీట్లయితే 21.35 కిలోలు. అచ్చులో పాడయ్యే షీట్లకి కొంత కలుపుతారు, అది ఎంతో ముందే అడగండి.

బ్రోచరు మడత దగ్గర తెల్లగా పగులుతోంది. పేపర్ నాసిరకమా?

చాలాసార్లు పేపర్ తప్పు కాదు, మడత దిక్కు తప్పు. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు నారలు ఎక్కువగా ఒక దిక్కుకే పరుచుకుంటాయి, దాన్ని గ్రెయిన్ అంటారు. గ్రెయిన్ వెంట మడిస్తే మడత నున్నగా పడుతుంది, అడ్డంగా మడిస్తే నారలు విరిగి పూత పగులుతుంది.

గ్రెయిన్ ఎటుందో చూడటానికి చిన్న చదరపు ముక్క కత్తిరించి ఒకవైపు మాత్రం తడి చేయండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడవు ఏ దిక్కో గ్రెయిన్ ఆ దిక్కే. 150 దాటిన కాగితానికి దీనికి తోడు క్రీజింగ్ చేయించాలి. క్రీజింగ్ వల్ల ఉబ్బిన గీత మడత లోపలివైపుకి రావాలి, బయటికి వస్తే అదీ పగులుతుంది. మడత మీద ముదురు రంగు లేకుండా డిజైన్ చేస్తే చిన్న పగుళ్లు కనబడవు.

ఒకేసారి ఎన్ని వేయించుకోవాలి?

లెటర్‌హెడ్లు ఏడాదికి సరిపడా చాలు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడినప్పుడు 'చిత్తూరు జిల్లా' అని అచ్చయిన కట్టలు ఎన్నో ఆఫీసుల్లో మిగిలిపోయాయి. ఫోను నంబరు, జీఎస్టీ నంబరు, అడ్రసు ఏది మారినా అంతే. మిగిలిపోతే వెనకవైపు లోపలి చిత్తు పనులకి వాడుకోండి, స్టిక్కరు అతికించి బయటికి పంపకండి.

## దాచిపెట్టేటప్పుడు

వానాకాలంలో పేపర్ వంకర పోతోంది, ఎండాకాలంలో రెండేసి షీట్లు లాగుతోంది.

రెండూ తేమ గొడవలే. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో విప్పి పెట్టిన రీమ్ తేమ పీల్చి అంచులు అలలుగా తేలుతుంది. అక్షరాలు అక్కడక్కడా పలచబడతాయి, ముడతలు పడతాయి. రేపర్ లోపల తేమ చేరని పూత ఉంటుంది కాబట్టి అవసరమైనప్పుడే విప్పండి. మిగిలింది రేపర్‌తోనే చుట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. నేల మీద, గోడకి ఆనించి పెట్టొద్దు, చెక్క మీద ఉంచండి. ఏసీ గదిలోకి తెచ్చిన కొత్త రీమ్‌ని ఒక రోజు అలాగే ఉంచి తర్వాత విప్పితే మంచిది. ఎండాకాలంలో పొడిగాలికి షీట్ల మధ్య స్థిర విద్యుత్తు పుడుతుంది, కట్టని విప్పి గాలి తగిలించి పెడితే విడివిడిగా వస్తాయి.

లెక్కల కాగితాలు ఎన్నేళ్లు ఉంచాలి? దానికి ఏ పేపర్?

జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. కంపెనీ అయితే లెక్కల పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు. ఇంతకాలానికి 75 లేదా 80 జీఎస్ఎం, ఆమ్లం లేని కాగితం, లేజర్ ప్రింటు సరిపోతాయి. కాగితం పసుపు పట్టేది బరువు తక్కువై కాదు, దాంట్లోని ఆమ్లం, చెక్కగుజ్జు వల్ల. 100 జీఎస్ఎం నాసిరకం కన్నా 75 మంచిరకం ఎక్కువ కాలం ఉంటుంది. ఇంక్‌ట్యాంక్ రంగు సిరాతో తీసినవి నీటి చుక్క పడితే చెదిరిపోతాయి, వాటిని దాచే ఫైల్లో పెట్టకండి.

పెట్రోలు బిల్లు, స్వైపింగ్ మెషీన్ చీటీ కొన్నాళ్లకే తెల్లబడిపోతున్నాయి. లామినేషన్ చేయిస్తే ఆగుతుందా?

చేయించకండి. అది థర్మల్ పేపర్, 48 లేదా 55 జీఎస్ఎం ఉంటుంది. దానిమీద సిరా ఉండదు, వేడి తగిలినచోట పూత నల్లబడి అక్షరమవుతుంది. లామినేషన్ మెషీన్ వేడికి చీటీ మొత్తం నల్లగా మాడినట్టయిపోతుంది. వచ్చిన రోజే మామూలు కాగితం మీద జిరాక్స్ తీసి, చీటీని దానికి పిన్ను కొట్టి ఉంచండి. ప్లాస్టిక్ కవర్లో పెట్టినా, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలినా, మీద గమ్ము టేపు అతికించినా అక్షరాలు త్వరగా పోతాయి.